రెండు చుక్కల మధ్య గీత

ఆ కాలేజీ ఆఫీసులో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా ఉండరు. అందరికీ ఆమె టకటకమ్మే. మేడమెట్లు ఎక్కుతుండగానే కిటికీలోంచి వినబడే టైపు మిషను చప్పుడును బట్టి ప్యూను ఆ పేరు పెట్టాడు. అది ప్రిన్సిపాలు గది దాకా పాకింది. మొదటిసారి చెవిన పడినప్పుడు ఆమె కోపం తెచ్చుకోలేదు సరికదా, "పని చప్పుడు చేస్తుంటే పేరు దానంతటదే వస్తుంది, మంచిదేలే" అని నవ్వేసింది.

తండ్రి బస్సు డిపోలో టైర్లు మార్చేవాడు. కూతుర్ని టైపు నేర్చుకోమని పంపింది ఆయనే. ఇరవై ఒకటో ఏట ఆమె ఈ ఉద్యోగంలో చేరినప్పుడు ఆయన సాయంత్రం డిపో బట్టలతోనే వచ్చి, వరండాలో కిటికీ అవతల నుంచుని, పావుగంట సేపు కూతురి వేళ్లకేసి చూసి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయాడట. మర్నాడు ఇంట్లో మాత్రం, "కింద చూడకుండా కొడుతోందే" అని పదిమందికీ చెప్పుకున్నాడు.

ఆఫీసులో ముగ్గురు టైపిస్టులు ఉండేవారు. ఉత్తరాలు, సర్క్యులర్లు, జాబితాలు అంటే ముగ్గురూ సై అనేవారు. లెక్కల పేపరు వచ్చిందంటే మాత్రం మిగతా ఇద్దరికీ ఉన్నట్టుండి తలనొప్పులు పుట్టుకొచ్చేవి. వాళ్ల తప్పు కూడా కాదు. ఆ మిషన్లు ఉత్తరాలు రాసుకోవడానికి పుట్టినవి. కూడిక గుర్తు ఉంది, సమానం గుర్తు ఉంది. గుణకారానికి ఎక్స్ అక్షరంతో సరిపెట్టుకోవాలి. భాగహారానికి అసలు మీటే లేదు. దానికో కిటుకు ఉండేది. కోలన్ కొట్టాలి, మిషన్ని ఒక్క అడుగు వెనక్కి జరపాలి, ఆ కోలన్ మీదే హైఫన్ కొట్టాలి. రెండు చుక్కల మధ్య గీత పడుతుంది. భాగహారం తయారు. మూడు దెబ్బలకు ఒక గుర్తు.

మిగతా వాళ్లకు విసుగు పుట్టించే ఈ పని టకటకమ్మకు భలే ఇష్టంగా ఉండేది. లెక్కలంటే ఆమెకు ప్రత్యేకమైన ప్రేమేం లేదు. మీట లేని గుర్తును ఉన్న మీటలతో పుట్టించడం ఆమెకు సరదా. సమానం మీద ఏటవాలు గీత కొడితే సమానం కాదు అన్న గుర్తు వచ్చేది. లెక్కల మాస్టారు తెచ్చిన కాగితం చూసి ఒక్క క్షణం ఆలోచించి, "వస్తుంది మాస్టారూ, మధ్యాహ్నానికి ఇస్తాను" అనేది. ఆయన తల కూడా ఊపకుండా వెళ్లిపోయేవాడు. పేపరు చేతికిచ్చినా మెచ్చుకోవడం ఆయన జాతకంలోనే లేదని అందరూ అనుకునేవారు.

అలా ఆరేళ్లు గడిచాయి. ఆమెకు పెళ్లయింది. భర్త షాపులకు బోర్డులు రాసే పనివాడు. చేతికి ఎప్పుడూ రంగు మరకలే. ఇంట్లో అత్తగారు, ఆయన, తను. అత్తగారిది చురుకైన నోరు. కోడలు ఉద్యోగానికి వెళ్తుంటే, "రోజంతా మిషన్ని కొట్టి వస్తావు కాబట్టి ఇంటికొచ్చి ఎవర్నీ కొట్టవు, అంతవరకు నయమే" అనేది.

ఆమె ఇరవై ఏడో ఏట కాలేజీలో కొత్తగా సర్వే కోర్సు పెట్టారు. నలభై సీట్లు. పరీక్ష రాయడానికి వచ్చినవాళ్లు మూడు వందల పన్నెండు మంది. ప్రశ్నపత్రం మీదే జవాబులు రాయాలి. పేపరు అచ్చు వేసే పని టకటకమ్మకే పడింది.

అప్పట్లో అన్ని కాపీలు తీయాలంటే స్టెన్సిలే దిక్కు. స్టెన్సిల్ అంటే మైనం పూసిన పల్చటి కాగితం. మిషన్లో రిబ్బన్ పక్కకు తప్పించి దాని మీద టైపు కొడితే, అక్షరం పడిన చోటల్లా మైనం చీలుతుంది. ఆ స్టెన్సిల్ని సిరా పూసిన డ్రమ్ముకు చుట్టి పిడి తిప్పుతుంటే, చీలికల్లోంచి సిరా దిగి ఒక్కో కాగితం మీదా అచ్చు పడుతుంది. ఆమె రెండు పేజీలకు రెండు స్టెన్సిళ్లు కొట్టింది. ప్యూను డ్రమ్ము తిప్పాడు. కాపీలు కట్టలు కట్టి బీరువాలో పెట్టి తాళం వేశారు. పరీక్ష సజావుగా జరిగింది.

మూడో రోజున లెక్కల మాస్టారు పది పేపర్లు చేత్తో పట్టుకుని ప్రిన్సిపాలు గదిలోకి విసవిసా వెళ్లాడు. ఐదు నిమిషాలకు టకటకమ్మకు పిలుపు వచ్చింది.

"పదకొండో ప్రశ్న చూడు," అన్నాడు మాస్టారు ఆమె గుమ్మంలో ఉండగానే. "ఏడు వందల యాభై ఆరుని పన్నెండు పెట్టి భాగించమని నేను రాసిచ్చాను. నువ్వేం కొట్టావు? కూడిక. ఈ పది మందీ ఏడు వందల అరవై ఎనిమిది అని రాశారు. తర్వాతి మూడు ప్రశ్నలూ ఈ జవాబు మీద ఆధారపడ్డవే. నాలుగు ప్రశ్నలు గంగలో కలిశాయి."

ప్రిన్సిపాలు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఆయనకు గొడవలు పడవు. "ఎలా జరిగిందమ్మా?" అన్నాడు.

ఆమె తొణకలేదు. ఒక పేపరు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది నేను కొట్టిన కూడిక కాదు మాస్టారూ," అంది.

"మరి ఎవరు కొట్టారు? పక్కింటివాళ్లా?"

"ఆరో ప్రశ్నలో అసలు కూడిక ఉంది, చూడండి. నా మిషన్లో కూడిక గుర్తు నాలుగు చేతులూ సమానంగా, సన్నగా ఉంటాయి. దీనికి పైనా కిందా ఉబ్బుంది. గీత సన్నగానే ఉంది. అంటే పైనా కిందా ఉన్నవి చుక్కలు. చుక్కలు గీతకు అంటుకుపోయి నిలువు గీతలా కనిపిస్తున్నాయి."

మాస్టారు పేపరు లాక్కుని ముక్కుకు ఆనించుకుని చూశాడు. 

ఆమె కిందికి వెళ్లి, పాత స్టెన్సిళ్లు ఆరవేసే తీగ మీద నుంచి రెండో పేజీది తెచ్చింది. సిరా తుడిచి కిటికీ అద్దానికి ఆనించింది. పదకొండో ప్రశ్న దగ్గర చుక్కలకీ గీతకీ మధ్య ఉండాల్సిన మైనం ఊడిపోయి, అక్కడ చిన్న చిల్లు ఉంది. అందులోంచి ఎండ నేరుగా లోపలికి వస్తోంది. మిగతా భాగహారాల దగ్గర కూడా మైనం పల్చబడింది గానీ చిల్లు పడలేదు.

"ఒకే చోట రెండు దెబ్బలు పడతాయి కదండీ. మైనం నీరసిస్తుంది. మొదటి కాపీలకు నిలబడింది. డ్రమ్ము తిరిగే కొద్దీ చిరిగింది," అంది ప్రిన్సిపాలుతో. తర్వాత మాస్టారు వైపు తిరిగింది. "నా తప్పు లేదనడం లేదు. వంద కాపీలకోసారి ఆపి చూసి ఉండాల్సింది. చూడలేదు. ఆ మాట మీరు రాసుకున్నా నేను సంతకం పెడతాను. కానీ కూడిక చేసినవాళ్ల తప్పు మాత్రం ఇందులో ఆవగింజంత కూడా లేదు."

 ప్రిన్సిపాలు పరీక్ష మళ్లీ పెడదామన్నాడు. ఎక్కడెక్కడి నుంచో బస్సులూ రైళ్లూ మారి వచ్చిన వాళ్లని మళ్లీ రప్పించడం ఎలాగని ఆయనే నసిగాడు. ఆ నాలుగు ప్రశ్నలూ తీసేద్దామన్నాడు మాస్టారు. తీసేస్తే వాటి మీద అరగంట కష్టపడ్డవాళ్లకు అన్యాయం కదా అంది ఆమె.

"అయితే నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావు?" అన్నాడు మాస్టారు వెటకారంగా.

"ప్రశ్నా జవాబూ ఒకే కాగితం మీద ఉన్నాయి. ఎవరికి ఏ గుర్తు కనిపించిందో మన కళ్లతో మనం చూడొచ్చు. కూడిక కనిపించినవాడు కూడిక సరిగ్గా చేస్తే మార్కు ఇవ్వాలి. తర్వాతి మూడూ ఆ అంకెతోనే సరిచూడాలి."

"భాగహారానికి కూడిక చేస్తే మార్కు ఇవ్వాలా? నా సర్వీసులో వినలేదు ఇలాంటిది."

"వాళ్ల ముందున్నది కూడికే మాస్టారూ. లేని గుర్తును ఎలా చూస్తారు?"

ప్రిన్సిపాలు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మూడు వందల పన్నెండు పేపర్లు. ఒక్కోటీ భూతద్దం పెట్టి ఎవరు చూస్తారమ్మా?"

"నేను, మాస్టారు," అంది ఆమె, మాస్టారిని మాట వరసకైనా అడగకుండా.

 కాదంటే బాగుండదని ఆయనకీ తెలుసు.

లైబ్రరీలో పొడుగాటి బల్ల ఉంది. దాని మీద పేపర్లన్నీ పరిచారు. భర్త సన్నక్షరాలు రాసేటప్పుడు వాడే భూతద్దం ఆమె ఇంటి నుంచి తెచ్చింది. మూడు దొంతరలు పెట్టారు. గుర్తు స్పష్టంగా భాగహారంలా ఉన్నవి ఒకవైపు, కూడికలా ఉన్నవి ఒకవైపు, ఎటూ తేలనివి మధ్యలో. మొదటి పూట ఇద్దరి మధ్యా "ఇది", "అది" తప్ప వేరే మాట లేదు. ఒక పేపరు ఆయన భాగహారం అంటే ఆమె కాదంది. ఆయన పళ్లు నూరుతూ మళ్లీ చూసి, "సరే, మధ్యలో పెట్టు," అన్నాడు. ఆ తర్వాత తేడా వచ్చినప్పుడల్లా ఆయనే భూతద్దం ఆమె వైపు జరపడం మొదలుపెట్టాడు.

రెండో రోజు మధ్యాహ్నం రెండు వందల ఎనిమిదో నంబరు పేపరు వచ్చింది. ఎవరో ఒకమ్మాయిది. పదకొండో ప్రశ్నలో గుర్తు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన చిన్న అక్షరాలతో ఇలా రాసింది: "ఇది కూడికో భాగహారమో తెలియడం లేదు. సందేహం. రెండూ చేశాను." కింద అరవై మూడూ ఉంది, ఏడు వందల అరవై ఎనిమిదీ ఉంది. తర్వాతి మూడు ప్రశ్నలకూ రెండేసి జవాబులు, పద్ధతిగా, పక్కపక్కనే.

టకటకమ్మ ఆ పేపరు మాస్టారు ముందు పెట్టింది. ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. భుజాలు కదలసాగాయి. ఆమె కంగారుపడింది. చూస్తే ఆయన నవ్వుతున్నాడు. ఆరేళ్లలో ఆయన నవ్వు చూడడం అదే మొదలు.

"సందేహం అని రాసిందమ్మా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఎవరు చెప్పారో ఈ పిల్లకి. ఈ గుర్తు పుట్టిందే అందుకు."

"ఎందుకు?"

"సందేహానికి. ఇది లెక్కల్లో పుట్టలేదు. వెనకటి రోజుల్లో పుస్తకాలు చేత్తో ఎత్తి రాసేవారు కదా. రాసేటప్పుడు ఏదైనా వాక్యం దగ్గర, ఇది అసలు ఆయన రాసిందేనా, మధ్యలో ఎవరైనా ఇరికించారా అని అనుమానం వస్తే పక్కన గీత పెట్టేవారు. కొందరు ఆ గీతకి పైనొకటి, కిందొకటి చుక్క కూడా పెట్టేవారు. అంటే, ఇక్కడ జాగ్రత్త, నమ్మకండి అని. రెండు వేల ఏళ్ల నాటి అలవాటది."

"మరి భాగహారం ఎప్పుడైంది?"

"మూడు వందల చిల్లర ఏళ్ల కిందట. ఒకాయన బీజగణితం పుస్తకం వేసి అందులో భాగహారానికి దీన్ని వాడాడు. ఆ పుస్తకం ఇంకో భాషలోకి వెళ్లింది, అక్కణ్ణించి పాకింది. అప్పటికే కొన్ని దేశాల్లో ఇదే గుర్తును తీసివేతకు వాడేవారు. ఇంకొన్ని చోట్ల ఉత్త రెండు చుక్కలే భాగహారం, మధ్యలో గీతే ఉండదు."

ఆమె గుర్తుకేసి చూసింది. రోజూ మూడు దెబ్బలతో పుట్టించే ఆ చిన్న వస్తువుకు ఇంత కథ ఉందని ఆమెకు ఏనాడూ తోచలేదు. "ఆయన దీన్నే ఎందుకు ఎంచుకున్నాడండీ? గీత మీదొకటి, కిందొకటి అంకె ఉన్న భిన్నంలా కనిపిస్తుందనా?"

"అలా అని మనం చెప్పుకుంటాం. ఆయన మనసులో ఏముందో ఆయన రాసిపెట్టి పోలేదు," అన్నాడు మాస్టారు. తర్వాత కొంచెం ఆగి, "నువ్వు అడిగినంత సూటిగా మా క్లాసులో ఎవరూ అడగరు," అన్నాడు. ఆయన నోట మెచ్చుకోలు రావడం అంతకుముందు ఎవరూ వినలేదు. విన్నది ఆమె ఒక్కతే గనుక ఎవరికి చెప్పినా నమ్మలేదు.

సాయంత్రానికి లెక్క తేలింది. భాగహారంలా కనిపించినవి నూట ఎనభై ఏడు. కూడికలా కనిపించినవి నూట ఆరు. ఎటూ తేలనివి పంతొమ్మిది. వాటికి రెంటిలో ఏ జవాబు రాసినా ఒప్పుకున్నారు. నలభై మంది జాబితా బోర్డు మీద పెట్టారు. ఆ నలభైలో పద్నాలుగు మంది కూడిక దొంతరలోవాళ్లు. మామూలుగా దిద్దేసి ఉంటే వాళ్లలో ఒక్కరికీ సీటు వచ్చేది కాదని మాస్టారే ప్రిన్సిపాలుకు చెప్పాడు. రెండు వందల ఎనిమిదో నంబరు అమ్మాయి పేరు జాబితాలో మూడోది.

అంతటితో సరిపెట్టుకుంటే ఆమె టకటకమ్మ ఎందుకవుతుంది? ఆ రాత్రి అన్నాల దగ్గర భర్తతో సంగతంతా చెప్పింది. ఆయన వేలు నీళ్లలో ముంచి బల్ల మీద భాగహారం గుర్తు గీశాడు.

"బోర్డు మీదైనా ఇంతే. చుక్కకీ గీతకీ మధ్య ఖాళీ వదలాలి. దూరం నుంచి చూసేవాడికి ఆ ఖాళీయే కనిపిస్తుంది. అది పూడిపోతే అక్షరం చచ్చినట్టే," అన్నాడు. "నువ్వు రెండు దెబ్బలతో ఎంత జాగ్రత్తగా కొట్టినా ఆ ఖాళీ నీ చేతిలో లేదు. ఒక్క దెబ్బకే పడాలి."

"ఒక్క దెబ్బకి పడాలంటే మీట ఉండాలి."

"పెట్టించుకో మరి."

అంత తేలిగ్గా చెప్పేసి ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. అత్తగారు మాత్రం ఊరుకోలేదు. "నీ మిషనుకి భాగహారం నేర్పిస్తున్నావు సరే, పనిలో పని కూరలు తరగడం కూడా నేర్పు. నాకు చేతులు నొప్పి," అంది.

మర్నాడే ఆమె టైపు మిషన్లు బాగుచేసే బాబాయి దగ్గరికి వెళ్లింది. ఆయన కొట్టు ఒక సందు చివర ఉండేది. గోడ పొడవునా విప్పేసిన మిషన్లు, డబ్బాల్లో స్ప్రింగులు, నూనె వాసన. ఆయన చెవికి వినికిడి యంత్రం పెట్టుకునేవాడు గానీ మిషన్ని మాత్రం వేలితో తాకి జబ్బు చెప్పేవాడు.

"భాగహారం గుర్తున్న అచ్చు కావాలి బాబాయ్," అంది.

"కంపెనీకి రాస్తే ఏడాదికి వస్తుంది అమ్మాయ్. వస్తే."

"కంపెనీ సంగతి నాకెందుకు? నీ దగ్గర ఉందా లేదా?"

ఆయన డబ్బాలు గాలించాడు. రెండు రోజులు గాలించాడు. మూడో రోజున ఏదో ఇంజనీర్ల ఆఫీసు నుంచి ఎప్పుడో చెత్తకింద వచ్చిన మిషన్లో దొరికింది. గోరంత ఉక్కు ముక్క. కింద భాగహారం గుర్తు, పైన అచ్చమైన గుణకారం గుర్తు. మిషన్లో ప్రతి మీటకూ ఒక చెయ్యి, చెయ్యి చివర ఇలాంటి ముక్క, ముక్కకు రెండేసి గుర్తులు ఉంటాయి. కొత్తది అతకాలంటే పాతది ఒకటి ఊడదియ్యాలి.

"ఏది తీసెయ్యమంటావు?" అన్నాడు బాబాయి.

ఆమె మీటల వరస చూసింది. ఒకదాని మీద ఎట్ గుర్తు ఉంది, దాని నెత్తిన పావు గుర్తు. ఇంగ్లీషు ఏ అక్షరానికి సున్నా చుట్టినట్టుండే ఆ ఎట్ గుర్తును ఆరేళ్లలో ఒక్కసారి కూడా కొట్టిన జ్ఞాపకం లేదు.

"ఇది. దీనంత పనీపాటా లేని గుర్తు ఇంకోటి లేదు."

ప్రిన్సిపాలు అనుమతి కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు, ఎందుకైనా మంచిదని ఒకసారి ఆలోచించమన్నాడు. ఆలోచించేశానని చెప్పింది. బాబాయి అతుకు కరిగించి పాత ముక్క తీసి కొత్తది అతికాడు. మొదట గుర్తు వెంట్రుకవాసి పైకి పడింది. ఆమె అటో అక్షరం ఇటో అక్షరం కొట్టి మధ్యలో భాగహారం కొట్టి, "పైకుంది" అనేది. ఆయన వంచేవాడు. "ఇప్పుడు ఎడమకి పోయింది." మళ్లీ వంచేవాడు. పదిహేడోసారికి ఇద్దరూ కాగితం మీదికి వంగి చూసి, ఏమీ అనుకోకుండా ఒకేసారి తలూపారు.

తర్వాతి పరీక్షకు ఆమె స్టెన్సిల్ని కిటికీకి ఆనించి చూసింది. రెండు చుక్కలు, గీత, మధ్యలో నలగని మైనం. అయినా వంద కాపీలకోసారి డ్రమ్ము ఆపించి, ఒక కాగితం తీసి, వేలు పెట్టి ప్రతి గుర్తూ చూసేది. ప్యూను గొణిగేవాడు. "గొణుక్కో, తిప్పడం మాత్రం ఆపు," అనేది.

ఆ వార్త చుట్టుపక్కల కాలేజీలకు పాకింది. లెక్కల పేపర్లు ఆమె దగ్గరికే రాసాగాయి. అన్నీ తనే కొట్టడం కుదరక, మిగతా చోట్ల టైపిస్టులను పిలిచి బాబాయి కొట్టుకు తీసుకెళ్లి వాళ్ల మిషన్లకూ అలాంటి ముక్కలు పెట్టించింది. ముక్కలు దొరకనివాళ్లకు స్టెన్సిల్ మీద భాగహారం కొట్టేటప్పుడు హైఫన్ మెల్లగా ఎలా నొక్కాలో నేర్పింది. ఒకప్పుడు తలనొప్పులు తెచ్చుకున్న ఆ ఇద్దరు సహోద్యోగులు కూడా నేర్చుకున్నారు. లెక్కల మాస్టారు రిటైరయ్యే దాకా తన కాగితాలు వేరే ఎవరికీ ఇవ్వలేదు. ఇచ్చేటప్పుడు మాత్రం తలూపడం అలవాటు చేసుకున్నాడు.

ఆమెకు నలభై తొమ్మిదేళ్లు వచ్చేసరికి ఆఫీసులోకి కంప్యూటరు వచ్చింది. అందరికీ నేర్పడానికి ఒక అమ్మాయిని పెట్టారు. ఆ అమ్మాయి మంచిదే, ఓపికమంతురాలే. మొదటి వారంలోనే టకటకమ్మ అడిగింది, భాగహారం ఎక్కడుందని.

"ఈ ఏటవాలు గీత కొట్టండి మేడమ్. కంప్యూటరు దాన్నే భాగహారం అనుకుంటుంది."

"కంప్యూటరు అనుకుంటే సంతోషమే. పరీక్ష రాసేది కంప్యూటరు కాదు కదా తల్లీ. ఏడు, గీత, పన్నెండు అని వేస్తే ఒకడు భిన్నం అనుకుంటాడు, ఒకడు తారీకు అనుకుంటాడు. నాకు గుర్తు కావాలి."

ఆ అమ్మాయి లావుపాటి పుస్తకం తిరగేసి వెతికింది. ఆల్ట్ మీట నొక్కి పట్టుకుని, కుడివైపు అంకెల్లో సున్నా రెండు నాలుగు ఏడు కొట్టాలి. టకటకమ్మ కొట్టింది. తెరమీద రెండు చుక్కల మధ్య గీత ఠక్కున నిలబడింది.

"ఇన్ని మీటలున్న మిషను తెచ్చి, ఒక్క గుర్తుకి ఐదు దెబ్బలా," అని నవ్వింది. "మా పాత మిషను మూడింటితో కానిచ్చేది." నవ్వింది గానీ ఆ నంబరు మాత్రం సొంత ఇంటి నంబరులా మనసులో పెట్టుకుంది.

ఆ ఏడాదే ఇంకో తమాషా జరిగింది. కాలేజీకి ఈమెయిల్ చిరునామా వచ్చింది. కవర్ల మీద టైపు మిషనుతో ఆ చిరునామా కొట్టాలి. కొట్టబోతే, మధ్యలో ఉండాల్సిన ఎట్ గుర్తు లేదు. ఆమె ఒక్క నిమిషం మీటలకేసి చూస్తూ కూర్చుని, ఫకాలున నవ్వింది. పనీపాటా లేనిదని తీయించేసిన దానికి ఇన్నేళ్ల తర్వాత ఉద్యోగం దొరుకుతుందని ఎవరు కలగన్నారు? రెండు వందల కవర్ల మీద ఆ గుర్తును పెన్నుతో గుండ్రంగా చుట్టి పంపింది. అడిగినవాళ్లకు జరిగింది జరిగినట్టు చెప్పింది. "అప్పుడు తీయించింది నేనే. మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే మళ్లీ అదే తీయిస్తాను," అంది.

యాభై ఎనిమిదో ఏట రిటైరవడానికి వారం ముందు, ప్రవేశ పరీక్ష పేపరు ఆమె చేతి మీదుగానే వెళ్లింది. అప్పటికి స్టెన్సిళ్లు పోయాయి. ఫైలు ప్రెస్సుకు పంపితే వాళ్లే అచ్చు వేసేవారు. కొత్త ప్రిన్సిపాలు హుషారైనవాడు. ఆమె ప్రూఫ్ కావాలంటే విసుక్కున్నాడు.

"ఫైలు మీరే చూశారు, నేనూ చూశాను. తెరమీద అంతా బాగానే ఉంది. ఇంకా ప్రూఫ్ ఎందుకండీ? ఒక రోజు వృథా."

"తెరమీద బాగుంది సార్. విద్యార్థి చూసేది తెర కాదు," అని, ఆయన ఔననేలోపే సంచీ తీసుకుని ప్రెస్సుకు బయల్దేరింది.

ప్రెస్సు మేనేజరు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి రెండు పేజీలు తీసి చేతికిచ్చాడు. ఆమె కళ్లజోడు సర్దుకుని, వేలు పెట్టి మొదటి ప్రశ్న నుంచి మొదలుపెట్టింది. మూడో ప్రశ్న దగ్గర వేలు ఆగింది. భాగహారం ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా ఉంది. ఏడో ప్రశ్నలోనూ డబ్బా. పేపరు మొత్తంలో ఇరవై రెండు డబ్బాలు.

మేనేజరు ఆపరేటరును పిలిచి అడిగాడు. వాళ్ల కంప్యూటర్లో వాడిన అక్షరాల అచ్చులో ఆ గుర్తు లేదట. లేనిదాని చోట డబ్బా వేసి ఊరుకుందట. అచ్చయితే నాలుగు వేల కాపీలు అలాగే వెళ్లేవి.

"ఇప్పుడు కనబడింది కదా, సర్దండి," అంది ఆమె నిదానంగా. "నేను ఇక్కడే కూర్చుంటాను."

అచ్చులు మార్చారు. రెండోసారి తీసిన ప్రూఫ్‌లో డబ్బాలు పోయాయి గానీ, ఆపరేటరు తొందరలో ఒక చోట చేత్తో దిద్దబోయి ఉత్త కోలన్ వేసి వదిలేశాడు. ఆమె ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టింది. మూడోసారి తీసిన పేజీలు మొదటి ప్రశ్న నుంచి చివరి ప్రశ్న దాకా మళ్లీ చదివి, కింద తేదీ వేసి సంతకం పెట్టింది. ప్రిన్సిపాలుకు ఫోన్ చేసి సంగతి చెప్పింది.  ఆయన, "ప్రూఫ్ చూడకుండా ఇకమీదట ఏ పేపరూ వెళ్లకూడదని ఆర్డరు కొట్టి పెట్టండి, నేను సంతకం పెడతాను," అన్నాడు. ఆమె మర్నాడు పొద్దున్నే ఆ ఆర్డరు కొట్టింది. తన చోటుకు రాబోయే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మరీ కొట్టింది.

ఆ రోజు ప్రెస్సులోంచి బయటికి వచ్చేసరికి ఆమె భర్త స్కూటరు మీద ఎదురుచూస్తున్నాడు. ఆయన జుట్టంతా తెల్లబడింది. బోర్డుల పని మానేసినా గోళ్ల సందుల్లో రంగు ఇంకా మిగిలే ఉంది.

"ఏమోయ్, మూడు గంటలైంది. అయిందా?" అన్నాడు.

"రెండో పేజీ ఇంకోసారి తీయించాల్సి వచ్చింది," అంది ఆమె వెనక సీటు ఎక్కుతూ. "ఇప్పుడు అయింది. పదండి."